ఉంగరంలో దూరినంత మాత్రాన పష్మీనా అయిపోదు

పర్లాకిమిడి తమ్ముడు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను, చదివేవాళ్ళందరికీ తెలుస్తుంది. చెల్లెలు జనవరిలో చదువుకోడానికి కెనడా వెళ్తోంది. అమ్మగారు బరంపురం పట్టుచీర పెడుతున్నారు. అన్నగా తను ఒక మంచి క్యాష్మీర్ స్కార్ఫ్ కొనిద్దామనుకున్నాడు. వీధిలోకి మూటతో వచ్చిన కాశ్మీరీ శాలువాల అతను "ప్యూర్ పష్మీనా" అని 1,800 చెప్పి 1,400కి దిగాడు. నమ్మకం కోసం ఉంగరంలోంచి లాగి చూపించాడు. ఆన్‌లైన్లో అదే పేరుతో 900కీ దొరుకుతోంది, 14,000కీ దొరుకుతోంది. ఏది అసలు, ఎలా చూసి కొనాలి, మన వైపు నేతలో చెల్లెలికి పనికొచ్చేది ఏమీ లేదా, పట్టు ఉత్తరీయం ఇస్తే నామోషీయా అన్నది ప్రశ్న.

నేను బరంపురంలో దేవాంగుల ఇంట్లో పుట్టాను. ఇక్కడ మమ్మల్ని దేరా వాళ్ళంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. తాతది గుంట మగ్గం. నాన్న మగ్గం దిగి కొట్టు పెట్టాడు. నేను పట్టు అమ్ముతూనే ఇరవై ఏళ్ళ పైన శీతాకాలంలో శాలువాలు, స్టోల్స్ కూడా అమ్మాను. అందులో ఒకసారి బాగా దెబ్బ తిన్నాను కూడా, అది తర్వాత చెప్తాను.

సూటిగా చెప్పాలంటే 1,400కి క్యాష్మీర్ రాదు. అతను పేదవాడనో మోసగాడనో కాదు, లెక్క కుదరదు.

ఈ ఊలు మేక పై వెంట్రుక కాదు. లద్దాఖ్‌లో చాంగ్‌తాంగ్ అనే ఎత్తయిన బీడు ఉంది, సముద్రమట్టానికి 4,000 మీటర్ల పైన. అక్కడ చాంగ్‌పా అనే సంచార జాతివాళ్ళు మేకల్ని పెంచుతారు. చలికాలంలో మైనస్ 30 డిగ్రీల దాకా పడిపోతుంది. ఆ చలికి మేక ఒంటిమీద గరుకు వెంట్రుకల కింద మెత్తటి నూగు మొలుస్తుంది. ఎండలు ముదిరే వేళకి అది తనంతట తనే వదులవుతుంది, అప్పుడు దువ్వెనతో దువ్వి తీస్తారు. ఏడాదికి ఒక్కసారి, ఒక మేకకి కొన్ని వందల గ్రాములు, అంతే. అందులోంచి మట్టి, మైనం, గరుకు వెంట్రుకలు ఏరేస్తే సగానికి పడిపోతుంది. మెడకి రెండు చుట్లు వచ్చే స్కార్ఫ్ నూట యాభై గ్రాములు తూగుతుందనుకో. మేక దగ్గర మొదలైన నూగు దువ్వేవాడు, కొనేవాడు, ఏరేవాళ్ళు, వడికేవాళ్ళు, నేసేవాడు, రంగేసేవాడు, టోకు వర్తకుడు, ఇంతమంది చేతులు దాటి నీ వీధి అరుగు మీదికి 1,400కి ఎలా వస్తుంది?

పేర్ల గొడవ కూడా ఇక్కడే తేల్చేద్దాం. క్యాష్మీర్ అన్న మాట కాశ్మీర్ పేరుని ఇంగ్లీషువాళ్ళు పూర్వం రాసుకున్న తీరే. పష్మీనా అన్నది పారశీకంలో ఊలుకున్న 'పష్మ్' అనే మాట నుంచి వచ్చింది. జాతి ఒకటే, మేక నూగు. వ్యాపారంలో మాత్రం చేత్తో వడికి చేత్తో నేసిన సన్నటి కాశ్మీరు, లద్దాఖ్ సరుకుని పష్మీనా అంటారు, మంగోలియా, చైనా నుంచి వచ్చే మిల్లు సరుకుని క్యాష్మీర్ అంటారు. ప్రపంచంలో ఎక్కువ భాగం ఆ రెండు దేశాలదే. బజారులో అయితే మెత్తగా ఉండి అంచుకి కుచ్చులుంటే చాలు, చెక్క గుజ్జుతో చేసే విస్కోస్‌ని కూడా పష్మీనా అనేస్తున్నారు. అద్దకం చీర ఏదైనా 'కలంకారీ' అయిపోయినట్టే ఇదీను.

ఇక ఉంగరం సంగతి. ఆ పరీక్ష పుట్టింది పష్మీనా కోసం కాదు, షాతూష్ కోసం. చిరు అనే టిబెట్ జింకని చంపి తీసే నూగు అది. పష్మీనా కంటే సన్నం. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొన్నా అమ్మినా నేరం, దేశం దాటించడం అంతర్జాతీయంగానూ నిషేధం. ఎవడైనా గుసగుసగా "ఇది షాతూష్ సార్" అంటే అబద్ధమైతే డబ్బు పోతుంది, నిజమైతే నువ్వే పోతావు. సరే, ఉంగరంలోంచి ఏది దూరదు? పల్చటి విస్కోస్ దూరుతుంది, పట్టు దూరుతుంది, మా ఆవిడ వాయిల్ చీర కొంగు కూడా దూరుతుంది, నేను చూశాను. మరో వైపు కాస్త ఒత్తుగా నేసిన అసలు పష్మీనా శాలువా దూరకపోవచ్చు. కాబట్టి అది పరీక్ష కాదు, గారడీ.

కుచ్చు పోగు ఒకటి తెంపి కాల్చి చూపించడం రెండో గారడీ. దీనికి సగం విలువ ఉంది. కాగితం కాలిన వాసన వస్తే విస్కోస్ లేదా నూలు. కరిగి గట్టి పూసలా తయారైతే ఆక్రిలిక్, పాలియెస్టర్ లాంటిది. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతే జంతువు పోగు. ఏ జంతువుదో మాత్రం చెప్పదు. గొర్రె ఊలు, పట్టు, మేక నూగు అన్నీ అదే వాసన. పైగా తెలివైనవాడు కుచ్చుల్లో మాత్రం ఊలు పెట్టి ఒంట్లో విస్కోస్ నేయించగలడు. నాకు తగిలిన దెబ్బ అదే. ఉత్తరాది టోకు వర్తకుడొకడి దగ్గర నలభై స్టోల్స్ తెచ్చాను. కుచ్చులు కాల్చి చూసుకునే తెచ్చాను, పెద్ద తెలివైనవాణ్ణని. కొన్న వారాల్లోనే ఒక డాక్టరమ్మ ఉతికి పట్టుకొచ్చారు, గోతాంలా బిగుసుకుపోయి ఉంది. ల్యాబ్‌కి పంపితే ఒంట్లో ముప్పాతిక పైన విస్కోస్. మిగిలినవన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పి మూడోవంతు ధరకి వదిలించుకున్నాను. మూడు తరాల పట్టు అనుభవం ఆ రోజు నాకు ఏం పనికొచ్చిందా అని చాలాకాలం ఆలోచించాను.

ఎందుకంటే పట్టులో నేనలా మోసపోను. బరంపురం పట్టు తీసుకో. అందులో ఫొడ కుంభ అని గుడి గోపురాల్లా పళ్ళు పళ్ళుగా వచ్చే అంచు ఉంటుంది. అది పైన అద్దింది కాదు, కుట్టింది కాదు. మూడు నాడెలతో నేస్తారు, ఒంటికి ఒకటి, రెండు అంచులకీ రెండు. ఒంటి పేకా (అడ్డపోగు) అంచు పేకా కలిసే చోట ఒకదానికొకటి కొక్కెంలా తగులుకుంటాయి. చీర తిరగేసి ఆ కలయిక దగ్గర వేలు రాస్తే చాలు, చేతి మగ్గమో కాదో తెలిసిపోతుంది. అంచు పళ్ళు ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉంటే నాకు అనుమానం. మనిషి చెయ్యి కాసేపటికి అలుస్తుంది, మళ్ళీ కుదురుకుంటుంది, ఆ తేడా బట్టలో ఉంటుంది. అంటే నేను పట్టు కొనేటప్పుడు కథ వినను, వాసన చూడను, వెనక తిప్పి పోగు చూస్తాను. శాలువా దగ్గర మాత్రం కథకి పడిపోయాను. ఆ తర్వాత శాలువానీ చీరలాగే చూడడం మొదలుపెట్టాను. నువ్వూ అలాగే చూడు, మీ అమ్మగారు పక్కన ఉంటే ఇంకా మంచిది.

మొదట పగటి వెలుతురుకి అడ్డంగా పట్టు. ట్యూబులైటు కింద అన్నీ అందంగానే ఉంటాయి. చేత్తో వడికిన పోగైతే అక్కడక్కడా కొంచెం లావు, కొంచెం సన్నం కనిపిస్తుంది. కాశ్మీరులో ఆడవాళ్ళు ఇంట్లో యెందర్ అనే రాట్నం మీద వడుకుతారు. పొందూరు ఖద్దరు చూసినవాళ్ళకి ఈ ఎగుడుదిగుడు కొత్త కాదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, పీచు అంతా ఒక వరసకి తెచ్చి, అప్పుడు వడుకుతారు కదా. పష్మీనాకీ ప్రాణం అక్కడే ఉంది: ముతక ఏరేయడంలో, పీచుని వరస పెట్టడంలో. ఏరడం సరిగ్గా జరగకపోతే మెడకి గుచ్చుకుంటుంది. అందుకని బట్టని అరచేత్తో కాదు, మెడ పక్కన, చెవి కింద రాసి చూడు. అరచెయ్యి మొద్దు, దాన్ని నమ్మకు. కాస్సేపు ఉంచుకుంటే ఎక్కడో ఒక్క వెంట్రుక గుచ్చుకున్నా తెలుస్తుంది.

మెరుపు చూడు. అసలు మేక నూగు మెరవదు, పైన పల్చటి పొగమంచులాంటి నూగు మాత్రం ఉంటుంది. పట్టులా మిలమిల మెరిస్తే పట్టో విస్కోసో కలిసినట్టే. పట్టు కలిపితే తప్పేం లేదు, చెప్పి కలపాలి. ఇంకోటి, ముట్టుకోగానే జారిపోయేంత నున్నగా, సబ్బు రాసినట్టు ఉంటే సిలికాన్ మందు పట్టించారన్నమాట. ఆ మెత్తదనం రెండు ఉతుకుల్లో పోతుంది. మంచి క్యాష్మీర్ మొదటి రోజు కొంచెం బిగువుగానే ఉంటుంది, వాడేకొద్దీ మెత్తబడుతుంది. చాలామందికి ఇది తెలియక కొట్లో అన్నిటికంటే నున్నగా ఉన్నదాన్ని ఎంచుకుని పోతారు.

తర్వాత కుచ్చులోంచి ఒక పోగు అడిగి తీసుకుని పురి విప్పు. పీచు ఎంత పొడుగు వస్తోందో చూడు. పొట్టి ముక్కలు ముక్కలుగా రాలిపోతే ఆ స్కార్ఫ్ నెల తిరక్కుండా ఉండలు కడుతుంది. బట్ట మీద బొటనవేలితో పదిహేను ఇరవై సార్లు గట్టిగా రుద్దితే కూడా ఆ జాడ కనిపిస్తుంది. కొద్దిగా ఉండలు అసలు సరుకుకీ వస్తాయి, దానికి టెన్షన్ పడకు. రుద్దిన చోటల్లా గింజలు గింజలుగా లేస్తే మాత్రం పెట్టేయ్. స్వెట్టర్లు చిటపటలాడితే ఆక్రిలిక్ అని కొందరు చెప్తారు. మన గంజాం గాలి తేమకి ఏదీ చిటపటలాడదు, ఆ చిట్కా ఇక్కడ చెల్లదు.

ఇదంతా చూసినా కంటికి అందనిది ఒకటుంది, పీచు సన్నదనం. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. లద్దాఖ్ మేక నూగు 12 నుంచి 15 మైక్రాన్ల దాకా ఉంటుంది. మన తలవెంట్రుక దానికి నాలుగైదు రెట్లు లావు. అమెరికా చట్టం సగటున 19 మైక్రాన్లు దాటితే క్యాష్మీర్ అనకూడదంటుంది. సన్నటి మెరీనో గొర్రె ఊలు దాదాపు అక్కడికే వస్తుంది కాబట్టి వేలితో తేడా పట్టడం నా వల్ల కూడా కాదు. సూక్ష్మదర్శినిలో పీచు మీది పొలుసులు చూసి చెప్పాలి. గొర్రెకి పొలుసులు దగ్గర దగ్గరగా, మేకకి దూరం దూరంగా ఉంటాయి. (తమాషా ఏమిటంటే మన పట్టు పోగు పష్మీనా కంటే కూడా సన్నం. కానీ నున్నగా నిటారుగా ఉంటుంది కాబట్టి మధ్యలో గాలిని పట్టి ఉంచదు. వెచ్చదనం వచ్చేది ఆ గాలి వల్లే.)

అందుకే ఎక్కువ డబ్బు పెట్టేటప్పుడు కాగితం అడగాలి. కాశ్మీర్ పష్మీనాకి 2008లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతంలో తయారైన సరుకుకే ఆ పేరు చెల్లుతుందన్న జీఐ ముద్ర) వచ్చింది, లద్దాఖ్ పష్మీనాకి 2023లో. శ్రీనగర్‌లోని క్రాఫ్ట్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్షా కేంద్రం ఉంది. నూగు 16 మైక్రాన్లు దాటకూడదు, చేత్తో వడకాలి, చేత్తో నేయాలి, అప్పుడే శాలువాకి లేబుల్ వేస్తారు. ఆ లేబుల్‌కి నంబరుంటుంది, సరిచూసుకోవచ్చు. "సర్టిఫికెట్ ఉంది" అని కొట్టువాడు సొంతంగా అచ్చేసుకున్న అట్ట చూపిస్తే అది లెక్కలోకి రాదు.

చేత్తో అన్నదానికి ఎందుకంత పట్టుదల అంటే ఒక కారణం ఉంది. మరమగ్గం విసురుకి ఈ సన్నపోగు తెగిపోతుంది. అందుకని కొందరు నైలాన్ కలిపి వడికి, నేసిన తర్వాత ఆసిడ్‌లో వేసి నైలాన్ కరిగించేస్తారు. పరీక్షకి పంపితే నూటికి నూరు మేక నూగే అని వస్తుంది. కానీ ఆ ఆసిడ్ తిన్న బట్ట ఎన్నాళ్ళు మన్నుతుంది?

ఇంత చెప్పాక నా సలహా నీకు వింతగా అనిపించొచ్చు. చెల్లెలికి చేనేత పష్మీనా కొనకు. కాలేజీకి బస్సెక్కి వెళ్ళే పిల్ల, బ్యాగు తాడు రాసుకుంటుంది, కోటు జిప్పు పట్టుకుంటుంది, మంచులో తడుస్తుంది. ఆ సున్నితమైన పోగు ఒక్క చలికాలానికే చిరుగుతుంది, అన్నయ్య ఇచ్చింది పాడుచేశానని ఏడుస్తుంది. మిల్లులో రెండు పోగులు పురిపెట్టి నేసిన క్యాష్మీర్ స్కార్ఫ్ కొను. లేబుల్ మీద '100 శాతం క్యాష్మీర్' అని ఉండాలి, 'క్యాష్మీర్ ఫీల్', 'క్యాష్మీర్ బ్లెండ్' అని కాదు. ఏ దేశపు నూగో, ఎన్ని గ్రాములో అడుగు. నూట యాభై గ్రాములకి తగ్గితే ఆ చలికి చాలదు. వాపసు తీసుకునే కొట్టులో, బిల్లు మీద 'క్యాష్మీర్' అని రాయించుకుని కొను. బిల్లు మీద ఆ మాట రాయమనగానే కొందరి గొంతు మారుతుంది, అప్పుడే లేచి వచ్చేయ్. అంత బడ్జెట్ లేకపోతే సిగ్గుపడక్కర్లేదు, మంచి మెరీనో ఊలు స్కార్ఫ్ నకిలీ పష్మీనా కంటే వెయ్యి రెట్లు నయం. మీ గజపతి జిల్లాలోనే చంద్రగిరి ఉంది, 1963 నుంచి టిబెట్ వాళ్ళు స్థిరపడిన చోటు. వాళ్ళు శీతాకాలంలో అమ్మే స్వెట్టర్లు చాలావరకు లూధియానా సరుకే. నేను మాట్లాడినవాళ్ళంతా ఉన్నమాటే చెప్పారు, ఆక్రిలిక్‌ని ఆక్రిలిక్ అనే అమ్మారు.

మన వైపు నేతల సంగతి. పట్టు ఉత్తరీయం ఇస్తే నామోషీయా అని అడిగావు, నామోషీ ఎందుకు? కాకపోతే అది చలికి ఆగదు, పండక్కి వేసుకుంటుంది. మా వాళ్ళని మహురీ రాజులు గోదావరి వైపు నుంచి పిలిపించి ఇక్కడ నిలిపారని మా పెద్దలు చెప్పేవారు. బరంపురం గ్రామదేవత బుడి ఠాకురాణి యాత్రలో అమ్మవారు దేరా కులపెద్ద ఇంటి ఆడపడుచు. 1936లో గంజాం ఒడిశాలో కలిసినా మగ్గం మీద మాట మారలేదు, పడుగు పడుగే, పేక పేకే. అలాంటి బట్ట చెల్లెలి పెట్టెలో ఒకటి ఉండాలి, చీర రూపంలో అమ్మగారు ఎలాగూ పెడుతున్నారు.

నువ్వు పెట్టదలిస్తే కోట్‌పాడ్ దుప్పటా చూడు. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్ళు నేస్తారు. ఆల్ చెట్టు వేరు బెరడు నుంచి రంగు తీస్తారు. నూలుని ఆముదం, పేడ, బూడిద నీళ్ళతో రోజుల తరబడి పదును చేస్తేగానీ ఆ ఎరుపు పట్టదు. దానికి హీరాకసం (ఇనుప లవణం) కలిస్తే నలుపు తిరుగుతుంది. మిగతాది నూలు సహజంగా ఉన్న తెలుపే. ఒడిశాలో భౌగోళిక గుర్తింపు మొదట దక్కింది దీనికే, 2005లో. అక్కడి నేతగాడు గోవర్ధన్ పనికాకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. మందంగా ఉంటుంది, సెప్టెంబర్, అక్టోబర్ చలికి బాగా ఆగుతుంది. నూలు కాబట్టి మంచులో తడిస్తే మాత్రం బరువెక్కి చల్లబడుతుంది, అది చెల్లికి చెప్పు. రాయగడ వైపు వెళ్తే నియమగిరి డోంగ్రియా కొంధుల కప్డాగండా శాలువా కూడా ఉంది. తెల్లటి గుడ్డ మీద సూదితో కుడతారు, ఆడపిల్లలు మనసైనవాడికీ, అన్నదమ్ములకీ ఇచ్చుకునే బహుమతి. నీ విషయంలో తిరగబడి అన్నే చెల్లికి ఇస్తాడు. 2024లో దానికీ గుర్తింపు వచ్చింది, మిషను కుట్టు నకిలీ తగలొచ్చు. వెనక తిప్పి చూడు, మళ్ళీ అదే మాట.

క్యాష్మీర్ కొన్నాక జాగ్రత్తలు చెల్లికే చెప్పు. చల్లటి నీళ్ళలో పిల్లల షాంపూ వేసి ముంచి తీయాలి. పిండకూడదు, తువ్వాల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టాలి. వేలాడదీస్తే సాగుతుంది. ఉండలు కడితే పీకకూడదు, సన్న దువ్వెనతో మెల్లగా దువ్వాలి. ఎండాకాలం పెట్టెలో దాచేముందు ఉతికే దాచాలి, చెమట మరక ఉన్న చోటే పురుగు మొదట తింటుంది. సెలవులకి ఇంటికి తెస్తే మన తేమలో ప్లాస్టిక్ కవర్లో బిగించి పెట్టకండి, పాత నూలు చీర ముక్కలో చుట్టి లవంగాలో వేపాకో పెట్టండి. అమ్మగారి పట్టుచీరకీ అదే పద్ధతి, పురుగుకి పట్టూ ఊలూ ఒకటే.

ఇక ఆ మూట అతన్ని ఏమీ అనకు. తన కొట్టువాడు చెప్పిందే తను చెప్తున్నాడు పాపం, ఎండలో అంత దూరం మోసుకొచ్చాడు. రంగు బాగుంటే ఆ స్టోల్ మీ అమ్మగారికి కొనిపెట్టు, పర్లాకిమిడి డిసెంబరుకి సరిపోతుంది. 600 అని మొదలుపెట్టు, 700కి ఇస్తాడు.